గడువుకు ముందే హోమ్ లోన్ తీర్చేయడం: బడ్జెట్ నుంచి తనఖా విడుదల దాకా

30 లక్షల హోమ్ లోన్, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెలకు ఈఎంఐ 26,992 పడుతుంది. మొదటి నెల కట్టిన దాంట్లో 22,500 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 4,492. ఏడాదంతా కడితే మీ ఖాతా నుంచి దాదాపు 3.24 లక్షలు వెళ్తాయి, అప్పు మాత్రం 56,181 తగ్గుతుంది. అయిదేళ్ల తర్వాత చూసినా గొర్రె తోక బెత్తెడే. 16.2 లక్షలు కట్టాక కూడా ఇంకా 26.61 లక్షల బాకీ ఉంటుంది. అప్పు సగానికి దిగేసరికి 14 ఏళ్లు గడిచిపోతాయి. మొత్తం 240 నెలలూ కడితే వడ్డీ ఒక్కటే 34.78 లక్షలు, తీసుకున్న అప్పు కంటే ఎక్కువ.

ఇందులో మోసమేమీ లేదు. ప్రతి నెలా మిగిలిన అసలు మీద బ్యాంకు వడ్డీ లెక్కగడుతుంది, ఈఎంఐలోంచి ముందు అది తీసుకుంటారు, మిగిలింది అసలుకు జమ చేస్తారు. అసలు పెద్దదిగా ఉన్నన్నాళ్లూ వడ్డీ వాటా పెద్దదే. ఈ లోన్‌లో 149వ నెలకు గానీ అసలు వాటా సగం దాటదు. ఈఎంఐకి పైన మీరు కట్టే సొమ్ము మాత్రం, సరిగా జమ చేయించుకుంటే, నేరుగా అసలులోకే వెళ్తుంది. ఆ సొమ్ముపై రాబోయే నెలలన్నిటి వడ్డీ అక్కడితో ఆగిపోతుంది. చెయ్యాల్సిందల్లా ఆ అదనపు సొమ్ము పుట్టించడం, అది అసలుకే చేరేలా చూసుకోవడం. చాలామంది మొదటి పని కష్టపడి చేసి, రెండోది బ్యాంకు చూసుకుంటుందిలే అని వదిలేస్తారు. దెబ్బతినేది అక్కడే.

కింద చివరిదాకా ఈ 30 లక్షల లోన్ లెక్కే వాడాం. కరెన్సీ ఏదైనా పద్ధతి ఒకటే, మీ అంకెలు వేసుకోండి.

ముందు ఒప్పంద పత్రం తీయండి

అదనంగా ఒక్క పైసా కట్టకముందు లోన్ అగ్రిమెంట్‌లో వెతకాల్సినవి ఇవి:

- వడ్డీ రేటు ఫిక్స్‌డా, ఫ్లోటింగా? ఫ్లోటింగ్ అయితే ఎన్ని నెలలకోసారి మారుస్తారు?
- ముందస్తు చెల్లింపు మీద చార్జీ ఉందా? ఎంత శాతం, ఎన్నేళ్ల వరకు?
- పార్ట్ పేమెంట్‌కు, అంటే అసలులో కొంత ముందే కట్టడానికి, కనీస మొత్తం ఎంత? ఏడాదికి ఎన్నిసార్లు అనుమతిస్తారు?
- వడ్డీ రోజువారీ బాకీ మీద లెక్కిస్తారా, నెలకోసారా?
- అదనంగా కట్టినప్పుడు తగ్గేది గడువా, ఈఎంఐనా? ఏదీ చెప్పకపోతే బ్యాంకు దేన్ని తగ్గిస్తుంది?

చార్జీ ఉందనగానే వెనక్కి తగ్గకండి, లెక్క వేయండి. లక్ష ముందుగా కడితే 2 శాతం చార్జీ అంటే 2,000. ఆ లక్ష మీద ఏడాదికి ఆగే వడ్డీ 9,000. మూడు నెలలు తిరక్కుండానే చార్జీ వెనక్కి వచ్చేస్తుంది. లోన్ ముగింపుకు కొద్ది నెలలే ఉన్నప్పుడు, లేదా చార్జీ వర్తించే కాలం మరో నెలలో అయిపోతుందన్నప్పుడు ఆగడం మేలు.

తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో మీ షెడ్యూలు మీరే తయారు చేసుకోండి. ఆరు గడులు చాలు: నెల, తొలి బాకీ (ఆ నెల మొదట్లో ఉన్నది), వడ్డీ, అసలుకు జమ, అదనపు చెల్లింపు, మిగిలిన బాకీ. వడ్డీ అంటే తొలి బాకీని వార్షిక రేటుతో గుణించి 12తో భాగించడం. ఈఎంఐలోంచి వడ్డీ తీసేస్తే అసలుకు జమ. మొదటి వరుస రాసి కిందికి లాగితే 240 నెలలూ వచ్చేస్తాయి. ఈఎంఐ సరిగా ఉందో లేదో చూడ్డానికి పీఎంటీ అనే ఫంక్షన్ ఉంది. ఈ షీటు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో నెలనెలా సరిపోలాలి. వడ్డీని రోజులతో లెక్కించే చోట నెలకు 28, 30, 31 రోజులు కాబట్టి కొద్ది తేడా మామూలే, వేలల్లో తేడా వస్తే అడగాల్సిందే.

అసలు మిగులెంత?

గడిచిన మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కార్డు బిల్లులు, వాలెట్ యాప్‌ల లావాదేవీలు ముందేసుకోండి. గుర్తున్నంతవరకూ రాస్తే కుదరదు. గుర్తుండేవి పెద్ద ఖర్చులే, జేబుకు చిల్లు పెట్టేవి చిన్నవి. ప్రతి ఖర్చునూ మూడింట్లో ఒకదాని కింద వేయండి: తప్పనివి, తగ్గించగలిగేవి, ఆపేయగలిగేవి.

నెలవారీ లెక్క తేలాక ఏడాదికోసారి వచ్చేవి పట్టుకోండి. ఇన్సూరెన్స్ ప్రీమియంలు 36,000, చదువుల ఫీజులు 60,000, బండి సర్వీసు, టైర్లు 18,000, ఆస్తి పన్ను 6,000, ఇంటి మరమ్మతులు 24,000 అనుకుంటే మొత్తం 1,44,000. నెలకు పన్నెండు వేలు. ఈ పన్నెండు వేలు నెలవారీ బడ్జెట్‌లో ఎక్కడా కనిపించవు కాబట్టి మిగులు లాగే ఉంటాయి. దాన్ని చూసి లోన్‌కు కట్టేస్తే, ఫీజుల నెల రాగానే కార్డు గీకక తప్పదు. 9 శాతం వడ్డీ మిగిల్చుకుని అంతకు కొన్ని రెట్ల వడ్డీకి అప్పు చేసినట్టవుతుంది. అందుకే ఈ ఏడాది ఖర్చుల పన్నెండో వంతు ప్రతి నెలా వేరే ఖాతాలో పడేయాలి, ఆ ఖాతాకు కార్డు లేకపోతే ఇంకా మంచిది.

ఇక కోతలు. కాఫీ మానేస్తే అప్పు తీరుతుందనే సలహాలు పక్కన పెట్టండి. ఒక్కసారి నిర్ణయం తీసుకుంటే నెలనెలా దానంతట అదే మిగిలేవి ముందు చూడాలి: వాడని సబ్‌స్క్రిప్షన్లు, అవసరానికి మించిన ఫోన్, ఇంటర్నెట్ ప్లాన్లు, ఒకే రిస్కుకు రెండు పాలసీలు, పెద్దగా తిరగని రెండో బండి. రోజూ మనసు బిగబట్టుకోవాల్సిన కోతలు రెండు నెలల్లో జారిపోతాయి. సరదాలకు కూడా ఒక అంకె రాసిపెట్టండి. సున్నా అని రాసిన బడ్జెట్‌ను ఇంట్లో ఎవరూ పాటించరు.

తేలిన మిగులంతా లోన్‌కు మళ్లించకముందు రెండు పనులున్నాయి. కార్డు బాకీ, పర్సనల్ లోన్ లాంటి ఎక్కువ వడ్డీ అప్పులు మొదట తీర్చాలి. తర్వాత ఆరు నెలల ఖర్చులకు సరిపడా, ఈఎంఐతో కలిపి, వెంటనే తీసుకోగలిగే చోట ఉంచాలి. ఇంట్లో రెండు జీతాలుండి ఉద్యోగాలు గట్టివైతే నాలుగు నెలలు చాలు. లోన్‌కు ఒకసారి కట్టేసిన డబ్బు మామూలుగా వెనక్కి రాదు. ఉద్యోగం పోయిన నెలలో, మూడేళ్ల ఈఎంఐలంత ముందే కట్టాను కదా అంటే ఈ నెల ఈఎంఐ మాఫీ కాదు. ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్లలో మాత్రం అదనంగా వేసిన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, అందులో ఉన్నన్ని రోజులూ వడ్డీ తగ్గుతుంది. కాకపోతే వాటి రేటు కాస్త ఎక్కువగా ఉండటం మామూలే, పైగా తీసుకోగలిగే డబ్బు తీయకుండా ఉండటం అందరివల్లా కాదు.

ఎంత అదనం కడితే ఎన్ని నెలలు తగ్గుతాయి

అదే 30 లక్షల లోన్, మొదటి నెల నుంచే మొదలుపెడితే:

- నెలకు 3,000 అదనం: 186 నెలల్లో తీరుతుంది. నాలుగున్నరేళ్లు ముందే. వడ్డీలో దాదాపు 9.1 లక్షలు మిగులు.
- నెలకు 5,000 అదనం: 163 నెలలు. వడ్డీలో సుమారు 12.75 లక్షలు మిగులు.
- ప్రతి ఏడాది చివర ఒక ఈఎంఐ ఎక్కువ: 199 నెలలు. సుమారు 6.9 లక్షలు మిగులు.
- ఏటా ఈఎంఐని 5 శాతం పెంచుకుంటూ పోవడం: 145 నెలలు, పన్నెండేళ్ల పైన ఒక్క నెల. దాదాపు 12.9 లక్షలు మిగులు.

వీటిలో జీతగాళ్లకు బాగా నప్పేది చివరిది. మొదటి ఏడాది రూపాయి అదనం అక్కర్లేదు. రెండో ఏడాది ఈఎంఐ 28,341 అవుతుంది, అంటే 1,350 పెరుగుదల. జీతం పెరిగిన నెలలోనే పెంచేస్తే ఆ డబ్బు చేతిలో ఆడిన అలవాటే ఉండదు. చిక్కేమిటంటే పన్నెండో ఏడాదికి ఈఎంఐ 46,000 దాటుతుంది. జీతం ఆగిపోయిన ఏడాది పెంపు కూడా ఆపేయండి, మొండికి పోవద్దు. రెండు వారాలకోసారి జీతం వచ్చేవారు సగం ఈఎంఐ చొప్పున 26 సార్లు కడితే ఏడాదికి 13 ఈఎంఐలవుతాయి. మూడో పద్ధతిని చేరే దారి అది. కానీ బ్యాంకు సగం కంతును వచ్చిన రోజే జమ చేసుకుంటుందా, రెండో సగం వచ్చేదాకా పక్కన పెడుతుందా అన్నది కనుక్కోవాలి.

బోనస్ లాంటి పెద్ద మొత్తాల సంగతి చూద్దాం. మొదటి ఏడాది చివర 2 లక్షలు కడితే దాదాపు 36 నెలలు తగ్గి, వడ్డీలో 7.6 లక్షలు మిగులుతాయి. అవే 2 లక్షలు పదో ఏడాది చివర కడితే 17 నెలలు, 2.6 లక్షలు. ఈ తేడా చూసి 'సగం గడువు దాటాక ముందస్తుగా కట్టి లాభం లేదు, వడ్డీ ఎలాగూ కట్టేశాం' అంటుంటారు. అది తప్పు. ఏ ఏడాది కట్టినా ఆ 2 లక్షల మీద ఆగే వడ్డీ 9 శాతమే. ముందు కడితే ఎక్కువ ఏళ్లు పనిచేస్తుంది, అంతే. పదిహేనో ఏట చేతిలో డబ్బుంటే పదిహేనో ఏట కట్టడమూ లాభమే.

గడువు తగ్గించమనాలా, ఈఎంఐ తగ్గించమనాలా?

గడువే. మొదటి ఏడాది చివర 2 లక్షలు కట్టి ఈఎంఐ తగ్గించమంటే నెలకు 25,158 అవుతుంది, 1,834 తగ్గుతుంది. 20 ఏళ్లు పూర్తయ్యేదాకా అలా కడితే వడ్డీలో మిగిలేది 2.2 లక్షలు. గడువు తగ్గించమంటే 7.6 లక్షలు. కట్టింది అదే, రాసిచ్చిన కాగితంలో ఒక్క మాటే తేడా.

ఆదాయం నిలకడగా లేనివారికి మధ్యేమార్గం ఒకటుంది. ఈఎంఐ తగ్గించుకుని, ఆ తగ్గిన 1,834ను ప్రతి నెలా అదనంగా కట్టేస్తూ ఉండటం. గడువు తగ్గించినంత ఫలితమూ వస్తుంది, ఇబ్బంది పడిన నెలలో తప్పనిసరి కంతు చిన్నదిగా ఉంటుంది. చిన్న మొత్తాల పార్ట్ పేమెంట్‌ను బ్యాంకు చార్జీ లేకుండా ప్రతి నెలా తీసుకుంటేనే ఇది పని చేస్తుంది, క్రమశిక్షణ కూడా మీదే.

కట్టడం, జమ చూసుకోవడం

నెలవారీ అదనానికి జీతం పడిన మర్నాటికి ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. నెలాఖరుకు మిగిలింది కడదామంటే మిగలదు. బ్యాంకు చిన్న మొత్తాలు తీసుకోకపోతే వేరే ఖాతాలో పోగేసి, కనీస మొత్తానికి చేరగానే కట్టేయండి. రోజువారీ బాకీ మీద వడ్డీ వేసే లోన్‌లో డబ్బు చేతికొచ్చిన రోజే కట్టాలి. 2 లక్షలు 20 రోజులు ఊరికే ఉంటే వడ్డీ రూపంలో పోయేది 986. నెలకోసారి లెక్కించే లోన్ అయితే ఆ లెక్క తేదీకి రెండు మూడు రోజుల ముందు పడేలా చూసుకోండి. ఒక్క రోజు ఆలస్యమైతే నెల వడ్డీ పోయినట్టే.

కట్టేటప్పుడు యాప్‌లో ఏ ఆప్షన్ నొక్కుతున్నారో నిదానంగా చూడండి. 'అడ్వాన్స్ ఈఎంఐ' అన్నది ఎంచుకుంటే ఆ డబ్బు రాబోయే నెలల కంతుల కోసం పక్కన కూర్చుంటుంది, అసలు తగ్గదు, వడ్డీ ఆగదు. కావాల్సింది పార్ట్ పేమెంట్ లేదా అసలుకు ముందస్తు చెల్లింపు. లోన్ ఖాతా నంబరుకు మామూలు బదిలీ చేసినా ఇదే తిరకాసు. వెంటనే ఈమెయిల్‌లో రెండు వాక్యాలు పంపండి: 'ఫలానా తేదీన కట్టిన 2,00,000 అసలుకు జమ చేయండి. ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించి, కొత్త షెడ్యూలు పంపండి.'

పరీక్ష తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. మన లోన్‌లో పన్నెండో ఈఎంఐ తర్వాత బాకీ 29,43,819. ఏమీ కట్టకపోతే పదమూడో నెల వడ్డీ 22,079, అసలుకు జమ 4,913. 2 లక్షలు సరిగా జమైతే బాకీ 27,43,819, వడ్డీ 20,579, అసలుకు జమ 6,413 కనిపించాలి. వడ్డీ వరుసలో ఇంకా 22,079 ఉందంటే డబ్బు ఎక్కడో ఇరుక్కుంది. రసీదు ఉంది కదా అని ఊరుకోవద్దు. డబ్బు అందిందని మాత్రమే రసీదు చెబుతుంది, అసలు తగ్గిందని చెప్పదు.

వేడినీళ్లకు చన్నీళ్లు: అదనపు ఆదాయం

బడ్జెట్‌ను ఒక హద్దు దాకే పిండగలం. ఆ తర్వాత దారి ఆదాయమే. ఏ పనైనా ఎంచుకునే ముందు చేతికి మిగిలే అంకె చూడాలి. సాయంత్రం పూట నెలకు 40 గంటలు పనిచేస్తే 8,000 వస్తున్నాయనుకోండి. రాకపోకలకు 1,200, సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్ లాంటివాటికి 600, పన్నుకు పక్కన పెట్టేది 1,400. మిగిలేది 4,800, గంటకు 120. ఆ గంటలు ఇప్పుడున్న ఉద్యోగంలో పై మెట్టుకు అవసరమైన నైపుణ్యం మీద పెడితే ఎక్కువ వస్తుందేమో కూడా ఆలోచించండి. పన్ను వాటా మరిచిపోవడమే ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. ఏడాదంతా వచ్చిందంతా లోన్‌కు కట్టేసి, రిటర్న్ దాఖలు చేసే నెలలో చేతులెత్తేస్తారు.

తెలిసిన పనితో మొదలుపెట్టడం తేలిక: ట్యూషన్లు, అనువాదం, అకౌంట్లు రాయడం, డిజైన్, ఓవర్‌టైమ్. ఉద్యోగ ఒప్పందంలో బయటి పనుల మీద ఆంక్షలు ఉన్నాయేమో ముందు చదవండి. శ్రమ తక్కువైనది ఉన్న ఆస్తినే అద్దెకివ్వడం, ఖాళీ గది, పార్కింగ్ స్థలం లాంటివి. గది అద్దెకిచ్చేటప్పుడు లోన్ అగ్రిమెంట్, ఇంటి ఇన్సూరెన్స్ అందుకు ఒప్పుకుంటాయో లేదో చూడాలి. వాడని వస్తువులు అమ్మితే ఒకసారికే వస్తుంది, మొదటి పార్ట్ పేమెంట్‌కు అది సరిపోతుంది. లోన్ తొందరగా తీర్చడానికి పెట్టుబడి పెట్టి వ్యాపారం మొదలుపెట్టడం మాత్రం వేరే రిస్కు, దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

అదనపు ఆదాయం జీతం ఖాతాలో పడకూడదు. పడితే ఖర్చుల్లో కలిసిపోతుంది. వేరే ఖాతా తెరిచి, అందులోంచి పన్ను వాటా, ఖర్చులు పోను మిగిలింది నెలకో తేదీన లోన్‌కు పంపండి. ఈ ఆదాయం ఏ నెలైనా ఆగిపోవచ్చు కాబట్టి దాన్ని నమ్ముకుని ఈఎంఐ పెంచుకోకండి, పార్ట్ పేమెంట్‌గానే వాడండి.

రేటు కదిలినప్పుడు

ఫ్లోటింగ్ లోన్‌లో రేటు పెరిగితే చాలాసార్లు ఈఎంఐ అలాగే ఉంచి గడువు సాగదీస్తారు. ఈఎంఐ మారలేదు కదా అని చాలామంది గమనించరు. మన లోన్‌లో ఏడాది తర్వాత 9 శాతం కాస్తా 10 అయితే, మిగిలిన 228 నెలలు 289 అవుతాయి. ఒక్క శాతానికి అయిదేళ్లు! గడువు కదలకుండా ఉండాలంటే ఈఎంఐని 28,886కు పెంచమని అడగాలి, నెలకు సుమారు 1,900 ఎక్కువ. అందుకే రేటు మార్పు సందేశం రాగానే చూడాల్సింది మిగిలిన నెలల సంఖ్య.

రేటు తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గిస్తామంటే వద్దనండి, పాతదే కొనసాగించండి. వేరే బ్యాంకుకు మారడం కూడా అంతే. అయిదేళ్ల తర్వాత 26.61 లక్షల బాకీతో 8.5 శాతానికి మారి, అదే ఈఎంఐ కడితే పది నెలలు ముందే తీరుతుంది, సుమారు 2.7 లక్షలు మిగులుతాయి. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, రిజిస్ట్రేషన్ ఖర్చులు దాంట్లోంచి తీసేసి చూసుకోండి. కొత్త బ్యాంకు మళ్లీ 20 ఏళ్ల గడువు పెడితే ఈఎంఐ చిన్నదై ముచ్చటగా కనిపిస్తుంది, అయిదేళ్ల పని మాత్రం నీళ్లపాలు. ముందు ఇప్పుడున్న బ్యాంకునే రేటు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి.

లోన్ తీర్చడం కన్నా ఆ డబ్బు పెట్టుబడి పెడితే మేలు కదా అనేవారికి ఒక్క కొలత: పన్ను పోను, ఖచ్చితంగా వచ్చే రాబడి లోన్ వడ్డీని మించాలి. మీకు హోమ్ లోన్ వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంటే అది తీసేశాకే లోన్ అసలు ఖరీదు తెలుస్తుంది. రిటైర్మెంట్ నిధికి యజమాని కలిపే వాటా ఉంటే దాన్ని వదులుకుని లోన్ కట్టడం తెలివితక్కువ.

చివరి చెల్లింపు

ఆఖరి బాకీని షీటు చూసి కట్టేయొద్దు. బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముగించడానికి కట్టాల్సిన లెక్క, తీసుకోండి. అందులో ఫలానా తేదీ వరకు కట్టాల్సిన మొత్తం, ఆపైన రోజుకు ఎంత వడ్డీ అన్నవి ఉంటాయి. ఆ తేదీ దాటి కడితే కొద్ది వందలు బాకీ మిగిలి ఖాతా మూయరు. ఆటో డెబిట్‌ను ఆపమని ముందే చెప్పకపోతే తర్వాతి నెల ఈఎంఐ మళ్లీ లాగేసి, వెనక్కి తెచ్చుకోడానికి తిరగాల్సి వస్తుంది.

కట్టాక తీసుకోవాల్సినవి: నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న పత్రం), బాకీ సున్నా చూపే స్టేట్‌మెంట్, లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన ఒరిజినల్ పత్రాలన్నీ, ఖాళీగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులు. పత్రాలను అప్పట్లో బ్యాంకు ఇచ్చిన జాబితాతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ, పేజీల సంఖ్యతో సహా సరిచూసి గానీ అందినట్టు సంతకం పెట్టొద్దు. తనఖా ప్రభుత్వ రికార్డుల్లో నమోదై ఉంటే దాని విడుదల కూడా నమోదు కావాలి, లేకపోతే పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయినప్పుడు పాత తనఖా బయటపడుతుంది. ఇంటి ఇన్సూరెన్స్‌లో బ్యాంకు పేరు తీయించండి. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తెప్పించి, లోన్ 'క్లోజ్డ్' అని ఉందో లేదో చూడండి. 'సెటిల్డ్' అని ఉంటే సర్టిఫికెట్ నకలు జతచేసి సరిదిద్దమని రాయండి. పూర్తిగా కట్టినవారికీ, తగ్గించి కట్టినవారికీ అక్కడ తేడా ఆ ఒక్క మాటే.